చిబేస పేరు మీద గీత

కర్రపెండలం నీళ్ళలో వేసిన రోజే బడిలో ఓటర్ల జాబితా తెరిచారు. కటోంగో తెల్లవారకముందే రెండు గంపల దుంపలు వాగు పక్కన గుంటలోకి దించింది. పైకి తేలకుండా అరటాకులు పరిచి, వాటిమీద రాళ్ళు పేర్చింది. చలికాలం. నీళ్ళు చీలమండల్ని కొరికేస్తున్నాయి. ఎండల్లో అయితే దుంప మూడు రోజులకే మెత్తబడుతుంది. ఈ చలికి నాలుగు పడుతుంది, ఒక్కోసారి ఐదు.

"జాబితా ఎన్నాళ్ళుంచుతారట?" గట్టుమీంచి చోల అడిగింది.

"గురువారం దాకా."

"నీ దుంపలూ గురువారానికే. రెండూ కుళ్ళకుండా చూసుకో."

చోల ఈసారి వార్డు కౌన్సిలరుగా నిలబడుతోంది. నామినేషన్ రోజున ఓటరు కార్డున్న తొమ్మిదిమంది ఆమె వెంట వెళ్ళి సంతకాలు పెట్టాలి. ఎనిమిదిమందిని పట్టేసరికి ఆమె రబ్బరు చెప్పులు అరిగిపోయాయి. ఆడవాళ్ళని అడిగితే మొగుణ్ణి అడగాలన్నారు. మొగుణ్ణి అడిగితే వంట దగ్గరున్న పెళ్ళాం వైపు చూశాడు. వాళ్ళందరికంటే ముందు, అడక్కుండానే "నేను వస్తాను" అన్నది కటోంగో. ఆమెతో కలిపి తొమ్మిది.

వాగు దాటడానికి రెండు దుంగలు తప్ప వేరే దారి లేదు. చోల ఎన్నికల్లో నిలబడుతున్నది ఆ దుంగల బదులు వంతెన వేయించడానికే. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వాటిమీద నడిచారు. చోల మధ్యలో ఆగి కాలితో ఒక దుంగని కదిలించి చూసింది.

"ఊగుతోంది. మొన్నటికంటే ఎక్కువ."

"నువ్వు కదిలిస్తే ఊగదా మరి? నడువ్."

బడిలో రెండో తరగతి గది. చిన్నపిల్లల బల్లలు గోడకి నెట్టేసి, ఒక బల్లమీద జాబితా పెట్టారు. దాని వెనక కూర్చున్నది జెరె పంతులు. తూర్పు వైపు మనిషి. పనిమీద ఈ ఊరికి వచ్చి మూడు వారాలైంది. ఆయన అటువైపు వాడని తెలియగానే ఊరు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆయనా సరదాగా తిరిగి తిడుతున్నాడు. ఈ రెండు జాతులవాళ్ళు ఎక్కడ కలిసినా అంతే. తాతల నాటి యుద్ధం ఇప్పుడు నోటితోనే జరుగుతుంది.

"ఎలుకలు తినే పంతులూ, నా పేరు నీ పుస్తకంలో ఉందా? లేక అదీ తినేశావా?" వరసలో ముందున్న ముసలామె అడిగింది.

"ఉందమ్మా. కోతి ఎముకల పక్కన జాగ్రత్తగా దాచాను."

గది ఘొల్లుమంది. తలుపు పక్కన కుర్చీలో ఊరిపెద్ద మలామ కూర్చున్నాడు. ఎవరు ఎవరో చెప్పడం ఆయన పని. నవ్వినప్పుడల్లా గడ్డంలోని నెరిసిన వెంట్రుకలు పట్టుకుంటాడు.

కటోంగో ఆకుపచ్చ గుర్తింపు కార్డు బల్లమీద పెట్టింది. జెరె అడుగుబద్దని పేజీమీద ఆనించి, వరసవరసకి కిందికి జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు.

ఆమె పేరుమీద అడ్డంగా గీత ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో 'మృతి' అని రాసి ఉంది.

"అమ్మా," అన్నాడు జెరె. "మీరు కిందటేడు చనిపోయారు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. కటోంగో నవ్వలేదు. మెడ చాచి పేజీలోకి చూసింది. ఇంకో నాలుగు వరసల కింద ఒక ముసలామె ఫోటో ఉంది. దాని పక్కన చిబేస అన్న పేరు, పుట్టిన సంవత్సరం పంతొమ్మిదివందల నలభై ఒకటి. ఏ గీతా లేదు. జెరె వేలు అక్కడ పెట్టాడు.

"ఈవిడ మీ ఇల్లే. ఎవరు?"

"నేనే," అంది కటోంగో. అనేశాక నాలుక కరుచుకుంది.

"అవును, ఆవిడే," అంది వరస మొత్తం.

జెరె కలం కింద పెట్టాడు.

"ఊరిపెద్ద గారూ, చనిపోయింది ఎవరు?"

"ఎవరూ చనిపోలేదు," అన్నాడు మలామ నెమ్మదిగా. "మా పెద్దమ్మ చిబేస వర్షాలకు ముందు వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళు కూర్చుని, ఆమె పేరు ఎవరు తీసుకోవాలో మాట్లాడారు. ఈ పిల్ల ఆ పేరుమీద నీళ్ళు తాగింది. తెల్లపూస కట్టించుకుంది. ఇక ఈవిడే చిబేస. అంతే కదా పెద్దమ్మా?"

అరవై ఏళ్ళ మనిషి ముప్ఫై రెండేళ్ళ మనిషిని పెద్దమ్మా అనడం జెరె చూశాడు. ఆమె కుడి మణికట్టుమీద దారానికి కట్టిన తెల్లపూస చూశాడు.

"మరి కటోంగో?"

"ఆవిడ లేదుగా."

"ఈవిడే కదండీ కటోంగో!"

"ఈవిడ చిబేస."

జెరె రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. గది మళ్ళీ నవ్వింది. ఈసారి ఆయనా నవ్వాడు, కానీ నవ్వు ఆగాక ముఖం మారింది.

"వినండి. మీ ఇంటి లెక్క మీకుండనీ. ప్రభుత్వం లెక్కలో ఒక మనిషికి ఒకే వరస. నేను కటోంగోని బతికించాలంటే, చిబేస చనిపోయిందని ఎవరైనా సంతకం పెట్టాలి. ముందు మీరు, తర్వాత ఆ ఇంటివాళ్ళు. గురువారం సాయంత్రం నాలుగింటికి పుస్తకం మూసేస్తాను."

మలామ చెయ్యి గడ్డంమీంచి ఒళ్ళోకి జారింది. "మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని చనిపోయిందని రాయమంటావా? పేరు ఖాళీ అయితే చిబేస ముసలి మొగుడి ఇంట్లో ఏడుపు మళ్ళీ మొదలవుతుంది. నేను ఆ కాగితం ముట్టుకోను."

జెరె పుస్తకం వెనకనుంచి ఒక పాత కాగితం తీశాడు. కిందటేడు మృతుల వివరాలు రాసుకున్న కాగితం అది. "ఇదిగో. మీ ఇంట్లో ఎవరో చెబితేనే రాశారు. వేలిముద్ర కూడా ఉంది."

పేరు చదవక్కర్లేకపోయింది. ఊదా రంగు ముద్ర మధ్యలో ఏటవాలుగా తెల్ల చార ఉంది. రెల్లు చీల్చే కత్తికి తెగి మానిన బొటనవేలు. ఆ వేలు కటోంగో రోజూ చూస్తుంది. ఆమె కాగితాన్ని మెల్లగా తిరగేసి ఆయన ముందుకు జరిపింది.

మధ్యాహ్నం ఆ వేలు చేపలు పట్టే బుట్ట అల్లుతోంది. కపెంబ్వ తాత పొట్టి ముక్కాలిపీట మీద కూర్చుని, రెల్లు పుల్లని పళ్ళతో పట్టి చీలుస్తున్నాడు. ఉన్న పళ్ళు నాలుగే, కానీ ఆ నాలుగూ ఆ పనికి సరిగ్గా సరిపోతాయి. ఆయన కటోంగో తల్లికి తండ్రి, చిబేసకి మొగుడు. కటోంగో మోకాళ్ళమీద కూర్చుని ముందు చేతులకి నీళ్ళు పోసి, సంకటి ముద్దమీద మూత తీసింది. పక్కన ఎండుచేపల కూర.

"ఏమే, ఇంత ఆలస్యం? సరస్సు దగ్గరున్న ఆ చిన్న మొగుడు గానీ వచ్చాడా?" కటోంగో మొగుణ్ణి ఆయన అలాగే అంటాడు.

"రాలేదు. చేపలు పడుతున్నాయట. వచ్చినా పెద్ద మొగుడికి పెట్టాకే."

"అట్లా ఉండాలి." ముద్ద చేసుకుని వేలితో గుంట పెట్టాడు. "జాబితాలో నా పేరుందా?"

"వరస పెద్దదిగా ఉంది. రేపు చూస్తాను."

"నీ పేరు?"

"తిను తాతా. చల్లారిపోతోంది."

తాతా అన్నందుకు ఆయన తల ఎత్తి చూశాడు. చిబేస ఎప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మంగళవారం చోల ఒక ఉపాయంతో వచ్చింది. ముసలామె పెట్టెలో ఆమె ఓటరు కార్డు ఉంది కదా, అది పట్టుకుని నామినేషన్‌కి వస్తే ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇద్దరూ కార్డు తీశారు. చోల ఒక పాత గుడ్డ కటోంగో తలకి చుట్టింది.

"బుగ్గలు లోపలికి పీల్చు. ఇంకా. కళ్ళు చిన్నవి చెయ్యి. పెదవి కొరుకు."

"ఉండు, ఊపిరాడట్లేదు."

"ఎనభై ఏళ్ళ మనిషికి ఊపిరాడదు. అలాగే ఉండు." చోల కార్డు ఆమె ముఖం పక్కన పెట్టి చూసి, నేలమీద కూలబడి నవ్వింది. "మీ అమ్మమ్మలా కాదే, ఎండిన చేపలా ఉన్నావు!"

కటోంగో గుడ్డ తీసేసి కార్డు చేతిలోకి తీసుకుంది. ఫోటోలో ముసలామె పెదవి కొరుక్కుంటోంది. ఆ రోజు ఫోటో తీసినతను నవ్వొద్దని కసిరాడు. ఆమె నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. కార్డు మూల కొద్దిగా అరిగింది. కటోంగో దాన్ని బొటనవేలితో తుడిచి పెట్టెలో పెట్టింది.

"వద్దు చోలా. ఇది ఆవిడ ముఖం. నా పేరుతో వస్తే నా ముఖంతోనే వస్తాను. పైగా పట్టుకుంటే జైలు."

"మరి తాతనే అడుగు. ఆ ఒక్క మాట చెప్పమను."

"అడగను."

"ఎందుకని?"

కటోంగో పెట్టె మూత సరిచేసింది. "ఆయన రోజూ పొద్దున లేచి నన్ను ఏమే అని పిలుస్తాడు. ఆ పిలుపుకి నేను పలకగానే ఆయన వీపు నిటారుగా అవుతుంది. నువ్వు చూళ్ళేదు."

చోల గుడ్డ మడతపెట్టింది.

బుధవారం ఊరిపెద్ద మలామ తనకు తోచిన దారి ఒకటి కనిపెట్టాడు. రాత్రంతా ఆలోచించి రాశానంటూ కాగితం తెచ్చి జెరె ముందు పెట్టాడు. జెరె గట్టిగా చదివాడు.

"ఈ కాగితం తెచ్చిన ఆడమనిషి బతికే ఉందని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

"సరిపోతుందిగా?"

"ఎవరు?"

"ఈవిడ."

"పేరు రాయలేదు కదండీ!"

"పేరు రాస్తే మళ్ళీ మొదటికొస్తాం. అందుకే రాయలేదు. ఎలుక బుర్రకి ఆ మాత్రం అర్థం కాలేదా?"

"బతికే ఉందని నాకూ కనిపిస్తోంది, కోతుల పెద్దా. నా కళ్ళు సంతకం పెట్టలేవు." జెరె కాగితం మడిచి మర్యాదగా తిరిగి ఇచ్చాడు. తర్వాత కటోంగోతో తగ్గిన గొంతుతో అన్నాడు: "రేపు నాలుగింటి దాకా ఇక్కడే ఉంటాను. అన్నం తినడానికి కూడా లేవను."

సాయంత్రం ఎండ ఉండగానే చోల జల్లెడ తిరిగివ్వడానికి వచ్చింది. తాత బుట్ట నోటి దగ్గర అంచు కడుతున్నాడు. బుట్టల పనిలో అదే కష్టం. పుల్ల జారితే చేపలు జారిపోతాయి.

"నా పేరుందా?" మూడోసారి అడిగాడు.

"ఉంది," అంది కటోంగో. "నిన్న చూశాను."

"నీ పేరు?"

కటోంగో కట్టెలు సర్దింది. సర్దిన కట్టెలే మళ్ళీ సర్దింది. చోల ఇటు చూసి, అటు చూసి, ఆగలేకపోయింది.

"చిబేస పేరుంది తాతా. కటోంగో పేరే లేదు. దాన్ని చంపింది నువ్వే. వేలిముద్ర వేసి మరీ చంపావు!"

"చోలా!"

"చెప్పనీవే. రేపటితో పుస్తకం మూసేస్తారు."

ఆయన వేళ్ళు ఆగాయి. పుల్ల వదలకుండా అలాగే పట్టుకున్నాడు. తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు, అక్కడేమైనా అంటి ఉందేమో అన్నట్టు.

"ఒక కుర్రాడు సైకిలుమీద వచ్చాడు," అన్నాడు చివరికి. "ఇంట్లో ఎవరు లేరు అని అడిగాడు. కటోంగో లేదు, చిబేస ఉంది అన్నాను. అబద్ధం చెప్పలేదు."

"లేదు తాతా," అంది కటోంగో. "అబద్ధం కాదు."

ఆయన పుల్లని పళ్ళతో బిగించి ముడి వేశాడు. అంచు పూర్తయ్యేదాకా లేవలేదు. ఆ పూట సంకటి సగమే తిన్నాడు. ఏమే అని పిలవలేదు.

గురువారం పొద్దున కటోంగో గుంట దగ్గరికి వెళ్ళి ఒక దుంప తీసి నొక్కింది. పైన లొంగింది, లోపల గట్టిగానే ఉంది. మళ్ళీ నీళ్ళలో వేసి రాయి పెట్టింది. ఇంటికి వచ్చేసరికి ముక్కాలిపీట ఖాళీ. మేకుకి వేలాడే కోటు లేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప ఆయన ఆ కోటు వేసుకోడు.

ఆమె పరుగెత్తింది. వాగు దగ్గర తాత దుంగలమీద గుర్రమెక్కినట్టు అటో కాలూ ఇటో కాలూ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, పిర్రలమీద జరుగుతూ పోతున్నాడు. అవతలి గట్టు ఇంకా నాలుగు మూరలుంది.

"ఆగు! నేను వస్తున్నా."

"రావద్దు. ఇద్దరం ఎక్కితే ఊగుతుంది. ఆ చోల చెప్పేది నిజమే."

కోటు వెనక భాగం నాచుతో పచ్చగా అయింది. అవతల లేచి, దులుపుకోకుండా నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

బడి దగ్గర వరస పక్కకి తప్పుకుంది. కోటు చూసి మగవాళ్ళు టోపీలు తీశారు. చోల గుమ్మం దగ్గరే ఉంది. మలామ కుర్చీలోంచి లేచి దాన్ని ముసలాయనకిచ్చాడు. ఆయన కూర్చోలేదు. చేతికర్రమీద రెండు చేతులూ పెట్టి, బల్ల వెనక మనిషిని చూశాడు.

"నువ్వేనా ఎలుకలు తినేవాడివి?"

"నేనే తాతా. మీరేనా కోతులు తినేది?"

"తినేవాణ్ణి. ఇప్పుడు పళ్ళు చాలవు." కపెంబ్వ ఊపిరి తీసుకున్నాడు. "ఒకప్పుడు మనం చంపుకున్నాం. తర్వాత మావాళ్ళు పోతే గొయ్యి తవ్వడానికి మీవాళ్ళు వచ్చారు. మీవాళ్ళు పోతే మేం వెళ్ళాం. ఇంటివాళ్ళు ముట్టుకోలేనిది మీరు ముట్టుకుంటారు. అంతేనా?"

"అంతే తాతా." జెరె లేచి నిలబడ్డాడు.

"అయితే వీళ్ళకి చెప్పలేని మాట నీకు చెప్పొచ్చు. కలం తీసుకో."

బయట గంటగా కట్టిన రైలుపట్టా ముక్క గాలికి చిన్నగా మోగింది.

"నా భార్య చిబేస చనిపోయింది. వర్షాలకు ముందు, మామిడి పూత మీదున్నప్పుడు. మొదటి గుప్పెడు మట్టి నేనే వేశాను." ఆయన గొంతు ఎక్కడా ఆగలేదు. చేతికర్రమీది వేళ్ళు మాత్రం ఒకదానిమీద ఒకటి బిగుసుకున్నాయి. "ఈ పిల్ల కటోంగో. నా కూతురి కూతురు. బతికుంది. నాకు నీళ్ళు పోస్తుంది, నా మాట వినదు, కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుంది. బాగా బతికుంది. రాసుకున్నావా?"

"రాశాను."

"సిరాడబ్బా ఇలా తే."

బొటనవేలు అద్ది కాగితంమీద గట్టిగా నొక్కాడు. ఏటవాలు తెల్ల చార మళ్ళీ పడింది. మలామ వంగి దాని కింద సంతకం చేశాడు. జెరె అడుగుబద్ద తీసి చిబేస పేరుమీద ఆనించాడు.

"ఆగు," అన్నాడు తాత. "సన్నంగా గియ్యి. కింద పేరు కనిపించాలి."

జెరె కలం పక్కన పెట్టి, జేబులోంచి ఇంకోటి తీశాడు. దాని ములుకు గోరుమీద గీసి చూసుకున్నాడు. తర్వాత ఊపిరి బిగబట్టి గీశాడు. తలవెంట్రుకంత గీత. కపెంబ్వ వంగి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. తల ఊపాడు. జెరె నాలుగు వరసలు పైకి వెళ్ళి, కటోంగో పక్కనున్న 'మృతి' కొట్టేశాడు.

"మీ వరస కూడా ఒకసారి చూసుకుంటారా తాతా? అన్నీ సరిగ్గా ఉన్నాయేమో. పుట్టింది ముప్ఫై ఎనిమిది అని ఉంది."

"నలభై రెండు."

"నాలుగేళ్ళ తేడానా?"

"ఆవిడకంటే చిన్నవాణ్ణని తెలిస్తే వాళ్ళ నాన్న పిల్లనిచ్చేవాడు కాదు. పెంచి చెప్పాను. ఆవిడకీ అదే చెప్పాను." ఆయన నాలుగు పళ్ళూ కనబడ్డాయి. "ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరు. దిద్దు."

గది ఒక్కసారిగా పగలబడింది. ముందు నవ్వింది ఊరిపెద్ద. గడ్డం పట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

"దానికి వేరే కాగితం కావాలి తాతా. ఇంకో వేలిముద్ర."

"అయితే వదిలెయ్. ముసలాణ్ణిగానే ఓటేస్తాను."

చోల గుమ్మం దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిదో వేలు కటోంగో వైపు చూపించింది.

తిరుగు దారిలో తాత ముందు నడిచాడు. కటోంగో రెండు అడుగుల వెనక నడిచింది. ఆయన ఇక తనని ఏమని పిలుస్తాడో ఆమెకి తెలియలేదు. మణికట్టు దగ్గర దారం ముడిని వేళ్ళతో తడిమింది. విప్పమంటే విప్పాలి. ఆ ముడి వేసిన చేతులూ ఆయనవే.

వాగు దగ్గర ఆయన ఆగాడు. దుంగల వైపు చూశాడు. కోటు వెనక చెయ్యి పెట్టి పచ్చటి తడిని తడుముకున్నాడు.

"మళ్ళీ గుర్రమెక్కలేను," అన్నాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచాడు. "ఏమే. పట్టుకో."

ఆమె పలికింది. ఆయన వీపు నిటారుగా అయింది.

ఇద్దరూ దుంగలమీద అడుగడుగూ ఆగుతూ నడిచారు. దుంగ ఊగింది. ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అవతలికి చేరాక వదిలేసి, నేరుగా ఇంటివైపు వెళ్ళాడు. కటోంగో చెయ్యి చూసుకుంది. తెల్లపూస పక్కనే ఊదా రంగు ముద్ర పడి ఉంది. మధ్యలో ఏటవాలు చార.

ఆ సాయంత్రం గుంటలో దుంపలు మెత్తబడ్డాయి. నొక్కితే వేలు నేరుగా దిగింది, తొక్క దానంతటదే జారింది. చోల గట్టుమీద గంప పట్టుకుని కూర్చుంది. కటోంగో వంగి ఒక్కొక్కటే తీసి అందిస్తోంది, ఎడమ చేత్తో.

"ఆ కుడిచేతికేమైందే? ఇట్లా అయితే చీకటి పడుతుంది."

"ఏమీ కాలేదు," అంది కటోంగో, కుడిచెయ్యి నీళ్ళకి తగలకుండా పైకెత్తి పట్టుకుని. "నువ్వు గంప సరిగ్గా పట్టుకో."